బరువైన పాత వర్క్‌స్టేషన్ లాప్‌టాప్‌ను ఇంట్లో డెస్క్‌టాప్‌గా వాడుకోవడం ఎలా: ఎంపిక నుంచి నిర్వహణ వరకు

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు అమ్మే ఏ దుకాణంలోనైనా పలచగా, తేలికగా ఉన్నవాటికే గిరాకీ ఎక్కువ. అదే వరసలో రెండున్నర, మూడు కిలోల బరువుతో, పక్కన ఇటుకంత అడాప్టర్‌తో ఉండే వర్క్‌స్టేషన్ లాప్‌టాప్‌ను చాలామంది ఒకసారి ఎత్తి చూసి, మళ్లీ అక్కడే పెట్టేస్తారు. అందుకే కొత్తగా ఉన్నప్పుడు ఇంజినీరింగ్ డిజైన్ విభాగాల కోసం లక్షలు పోసి కొన్న యంత్రం, లీజు ముగిసి మార్కెట్‌లోకి వచ్చేసరికి కొత్త సాధారణ లాప్‌టాప్ కంటే చవకగా దొరుకుతుంది. అయితే బల్ల మీద నుంచి కదలాల్సిన పని లేని యంత్రానికి బరువు ఒక లోపం కాదు. ఆ బరువంతా రాగి హీట్‌పైపులు, పెద్ద ఫ్యాన్లు, నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు మూడు డిస్కులకు చోటు, లోహపు చట్రం రూపంలో మనకు పనికొచ్చేదే.

ప్రోగ్రామింగ్, అకౌంట్స్, డీటీపీ, ఫోటో ఎడిటింగ్, ఓ మాదిరి వీడియో ఎడిటింగ్, పిల్లల ఆన్‌లైన్ చదువు వంటి పనులకు ఇలాంటి యంత్రాన్ని చూసి కొనడం, సిద్ధం చేసుకోవడం, ఏళ్ల తరబడి నడుపుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. కొత్త ఆటలు ఆడాలనుకునేవారికి, ఏఐ మోడళ్లను సొంత యంత్రంలో నడపాలనుకునేవారికి, రోజూ బ్యాగులో వేసుకుని తిరగాల్సినవారికి ఇది సరిపోదు.

మొదటి అడుగు: మీకు లాప్‌టాపే కావాలా?

వాడిన మినీ డెస్క్‌టాప్‌లు కూడా ఇదే మార్కెట్‌లో దొరుకుతాయి. గ్రాఫిక్స్ కార్డు అవసరం లేక, మానిటర్ ముందే ఇంట్లో ఉండి, కరెంటు నిలకడగా వచ్చే చోట ఉంటే మినీ డెస్క్‌టాపే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో పాడయ్యే భాగాలు తక్కువ. బరువైన లాప్‌టాప్ వైపు మొగ్గడానికి గట్టి కారణాలు రెండున్నాయి. మొదటిది కరెంటు. వేసవిలో, గాలివానల్లో సరఫరా పోయి వచ్చే ఊళ్లలో డెస్క్‌టాప్ పెట్టినవారు విడిగా యూపీఎస్ కొనాలి, రెండు మూడేళ్లకోసారి దాని బ్యాటరీ మార్చాలి. లాప్‌టాప్ బ్యాటరీ సగం అరిగిపోయినా, చేస్తున్న పనిని భద్రపరుచుకుని యంత్రాన్ని నెమ్మదిగా ఆపడానికి కావలసినంత సమయం ఇస్తుంది. రెండోది ఇల్లు మారడం. అద్దె ఇళ్లలో ఉండేవారికి, సెలవులకు ఊరెళ్లి అక్కడి నుంచే పనిచేసేవారికి, ఏడాదికి నాలుగుసార్లు మోయడానికి మూడు కిలోలు పెద్ద బరువేమీ కాదు.

రెండో అడుగు: ఏ తరం, ఏ మోడల్?

మూడు కుటుంబాలను చూస్తే చాలు: డెల్ ప్రెసిషన్, లెనోవో థింక్‌ప్యాడ్ డబ్ల్యూ, పీ శ్రేణులు, హెచ్‌పీ జెడ్‌బుక్. వీటన్నిటికీ సర్వీస్ మాన్యువల్స్ ఆయా కంపెనీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఏ స్క్రూ ఎక్కడుందో, ఏ భాగం తీశాక ఏది తీయాలో బొమ్మలతో సహా అందులో ఉంటుంది కాబట్టి, సొంతంగా మరమ్మతు చేసుకునేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

తరాల లెక్క చూద్దాం. 2013 ప్రాంతపు నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చిన డెల్ ప్రెసిషన్ ఎం4800 వంటి వాటిలో ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుని ఉంటుంది, కావాలంటే ఊడదీసి మార్చుకోవచ్చు. ఐదో తరం నుంచి ఇంటెల్ ఈ పద్ధతిని లాప్‌టాప్‌లలో ఆపేసి, ప్రాసెసర్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేయించడం మొదలుపెట్టింది. ఎం4800లో నాలుగు స్లాట్లలో 32 జీబీ వరకు డీడీఆర్3ఎల్ ర్యామ్ పడుతుంది. 2015లో ప్రకటించిన థింక్‌ప్యాడ్ పీ50, డెల్ ప్రెసిషన్ 7510 ఆరో తరానివి. వీటిలో డీడీఆర్4 ర్యామ్ 64 జీబీ వరకు, వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పడతాయి. 2018 నాటి థింక్‌ప్యాడ్ పీ52, ప్రెసిషన్ 7530లలో ఎనిమిదో తరపు ఆరు కోర్ల ప్రాసెసర్లు వచ్చాయి, ర్యామ్ 128 జీబీ వరకు పెంచుకోవచ్చు.

ఇక్కడ నిర్ణయాన్ని మార్చేది విండోస్. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే, బహు కొద్ది మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. కాబట్టి విండోస్ తప్పనిసరి అయినవారు, ఉదాహరణకు అను స్క్రిప్ట్ మేనేజర్ మీద ఆధారపడిన తెలుగు డీటీపీ పనివారు, కొంచెం ఎక్కువ పెట్టయినా ఎనిమిదో తరం యంత్రమే తీసుకోవాలి. ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్‌తో సరిపెట్టుకోగలవారికి ఆరో తరమే లాభసాటి బేరం, ఎందుకంటే విండోస్ 11 రాదన్న ఒక్క కారణంతోనే వాటి ధర బాగా పడిపోయింది. నాలుగో తరాన్ని అతి తక్కువ ధరకు దొరికితే తప్ప ఇప్పుడు కొనమని చెప్పను.

వీడియో సంగతి కూడా గమనించాలి. నాలుగో తరపు ఇంటెల్ గ్రాఫిక్స్‌లో హెచ్‌ఈవీసీ (వీపీ9, ఏవీ1, హెచ్.264లా వీడియోను కుదించే ఒక పద్ధతి) వీడియోను హార్డ్‌వేర్‌లో విప్పే ఏర్పాటు లేదు. ఆరో తరంలో 8 బిట్ హెచ్‌ఈవీసీ వరకు ఉంది, 10 బిట్ హెచ్‌ఈవీసీ, వీపీ9 పూర్తిస్థాయిలో రావడం ఏడో తరంతో మొదలైంది. ఏవీ1 మాత్రం పదకొండో తరం దాకా రాలేదు. ఆన్‌లైన్ వీడియోలు చూసేటప్పుడు పాత యంత్రాల్లో ఫ్యాన్ ఉన్నట్టుండి జోరందుకోవడానికి ఇదే కారణం: గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన పనిని ప్రాసెసర్ మోస్తుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్ దాన్ని మోయగలదు గానీ, చప్పుడూ వేడీ తప్పవు. బ్రౌజర్‌లో హెచ్.264 వీడియోనే అడిగే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

తెర విషయంలో ఒక్క మాట: 1366×768 తెర ఉన్నది ఎంత చవకైనా వద్దు. అసలు పని పెద్ద మానిటర్ మీదే అయినా, రెండో తెరగా పనికిరావాలంటే 1920×1080 ఉండాలి.

మూడో అడుగు: కొనే చోట చేయాల్సిన పరిశీలన

హైదరాబాద్ వారికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ పిలిచే సీటీసీ, మొదట గుర్తొచ్చే చోటు. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్.పి. రోడ్, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్ ఇలాంటివే. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఉన్నదే కొనండి. దుకాణంలో అయితే కనీసం అరగంట యంత్రాన్ని చేతికిస్తేనే బేరం మొదలుపెట్టండి. “కంపెనీ మాల్ సార్, చూడక్కర్లేదు” అనే మాట వినిపిస్తే మరింత శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే అసలు చిక్కులు కంపెనీ మాల్‌లోనే ఉంటాయి.

ముందుగా బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు నడిచే యంత్రపు సొంత అమరికల్లోకి, వెళ్లండి. థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 కీ. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే యంత్రాన్ని అక్కడే వదిలేయండి. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మదర్‌బోర్డు మీది చిప్‌లో నిలిచిపోతుంది. నాణెం బ్యాటరీ తీసి పెడితే పోయేది కాదు, మర్చిపోతే బోర్డు మార్చడమే మార్గమని తయారీదారే చెబుతాడు. తర్వాత సెక్యూరిటీ విభాగంలో కంప్యూట్రేస్ లేదా అబ్సల్యూట్ అన్న అంశాన్ని వెతకండి. ఇది దొంగతనం జరిగితే యంత్రాన్ని కనిపెట్టడానికి సంస్థలు వాడే ఏర్పాటు. అది శాశ్వతంగా ఆన్ చేసి ఉంటే, పాత యజమాని సంస్థ దాన్ని విడుదల చేయలేదని అర్థం.

మూడో ఉచ్చు విండోస్ ఆటోపైలట్. దీన్ని దుకాణంలో కనిపెట్టడం కష్టం. సంస్థ తన జాబితాలో నమోదు చేసిన యంత్రం ఆ సంస్థ తొలగించే దాకా దానికి కట్టుబడే ఉంటుంది. ఆ గుర్తింపు డిస్కులో కాక హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉండడం వల్ల, ఫార్మాట్ చేసినా, కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టినా, విండోస్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఇంటర్నెట్‌కు కలిపిన వెంటనే ఫలానా సంస్థ ఉద్యోగి ఖాతాతో లాగిన్ కావాలని అడుగుతుంది. దుకాణదారులు ఇంటర్నెట్ లేకుండా విండోస్ ఎక్కించి చూపిస్తారు కాబట్టి అక్కడ ఏమీ బయటపడదు. విండోస్ వాడదలచినవారు కొన్న వెంటనే, వాపసు గడువు ఉండగానే, ఇంటర్నెట్ కలిపి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి చూసుకోవాలి. ఎత్తుకొచ్చిన యంత్రం అంటగట్టకుండా ఉండడానికి సీరియల్ నంబరు రాసిన బిల్లు కూడా తప్పకుండా తీసుకోండి.

బయోస్ చూశాక, మీ వెంట తెచ్చుకున్న లైవ్ లినక్స్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే నేరుగా నడిచే పెన్‌డ్రైవ్) యంత్రాన్ని బూట్ చేయండి. లినక్స్ మింట్ లేదా ఉబుంటు ఏదైనా ఫర్వాలేదు. దీనివల్ల దుకాణదారుడి విండోస్‌తో సంబంధం లేకుండా వైఫై, శబ్దం, కెమెరా, టచ్‌ప్యాడ్, ప్రతి యూఎస్‌బీ పోర్టూ, వీడియో పోర్టులూ పరీక్షించవచ్చు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలు చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, అంటే పాడై పక్కన పెట్టిన భాగాలు, సున్నా కాకపోతే ఆ డిస్కుకు విలువ కట్టకండి, ఎలాగూ కొత్త ఎస్‌ఎస్‌డీ వేసుకోవాల్సిందే. ఓ టెక్స్ట్ ఫైలు తెరిచి ప్రతి కీనీ నొక్కండి. తెరను పూర్తి తెలుపుగా, తర్వాత పూర్తి నలుపుగా చేసి మచ్చలు, అంచుల్లో వెలుగు చూడండి. తెరను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచేటప్పుడు చిత్రం మిణుకుమంటే లోపలి కేబుల్ నలిగినట్టే.

చివరిగా పదిహేను నిమిషాలు ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి, ఉష్ణోగ్రతనూ వేగాన్నీ గమనించండి. పాత యంత్రం కాబట్టి 90 డిగ్రీలు దాటడం మామూలే, దుమ్ము పట్టి ఉంటుంది. యంత్రం దానంతట అది ఆగిపోవడం, తెర మీద గీతలు రావడం, ఫ్యాన్ గరగరమనడం మాత్రం మామూలు కాదు. ముఖ్యంగా తెర మీద గీతలు గ్రాఫిక్స్ చిప్ చివరి దశకు గుర్తు. అది బోర్డుకు సోల్డర్ అయి ఉన్న మోడళ్లలో మరమ్మతు ఖర్చుకు ఇంకో లాప్‌టాప్ వస్తుంది.

అడాప్టర్‌ను చిన్నచూపు చూడకూడదు. థింక్‌ప్యాడ్ డబ్ల్యూ530, పీ50లకు 170 వాట్లు, ప్రెసిషన్ ఎం4800కు 180 వాట్ల అడాప్టర్ రావాలి. 90 వాట్లది ఇచ్చి “ఇదీ పనిచేస్తుంది” అంటే, యంత్రం వెలుగుతుంది గానీ బరువైన పనికి వేగం తగ్గించుకుంటుంది. డెల్ ప్లగ్గు మధ్యలో సన్నని పిన్ను ఒకటి ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో యంత్రానికి చెప్పేది అదే. ఆ పిన్ను వంగినా, నకిలీ అడాప్టర్ అయినా, అడాప్టర్ రకం తెలియలేదని హెచ్చరిక చూపించి, బ్యాటరీని చార్జ్ చేయకుండా, ప్రాసెసర్‌ను అతి తక్కువ వేగానికి కట్టేస్తుంది. కాబట్టి అసలు కంపెనీ అడాప్టర్ లేకపోతే దాని ధర బేరంలో తగ్గించమనండి.

నాలుగో అడుగు: విప్పి శుభ్రం చేయడం

ఇంటికి తెచ్చాక మొదట చేయాల్సిన పని ఇదే. కొత్త ర్యామ్ కంటే, కొత్త ఎస్‌ఎస్‌డీ కంటే ముందు దీన్ని చేయమంటాను, ఎందుకంటే నలభై డిగ్రీల ఎండలో, ఏసీ లేని గదిలో, వేడిని చిప్ నుంచి హీట్‌సింక్ అనే లోహపు భాగానికి చేర్చే పాత పేస్టుతో నడిచే 45 వాట్ల ప్రాసెసర్ తన అసలు వేగాన్ని ఎప్పటికీ చూపలేదు.

యంత్రాన్ని పది నిమిషాలు నడిపి, కొంచెం వేడెక్కాక ఆపండి. ఆ వేడికి ఎండిపోయిన పేస్టు మెత్తబడి హీట్‌సింక్ సులువుగా విడిపోతుంది. అడాప్టర్ తీసేయండి, బ్యాటరీని ఊడదీయండి. బ్యాటరీ లోపలే ఉండే మోడళ్లలో కింది మూత తీసిన వెంటనే దాని కనెక్టర్‌ను విడదీయండి, థింక్‌ప్యాడ్‌లలో అయితే మూత తీయడానికి ముందే బయోస్‌లో అంతర్గత బ్యాటరీని నిలిపివేసే అంశం కూడా ఉంటుంది. తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన చార్జీ పోతుంది. స్క్రూలను తీసిన క్రమంలో ఓ కాగితం మీద గీసిన బొమ్మ ప్రకారం అమర్చుకోండి. ఒకే మూతకు పొడవాటివి, పొట్టివి కలిసి ఉంటాయి, పొడవాటిదాన్ని పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకు తగులుతుంది.

ఫ్యాన్ మూతను విప్పినప్పుడు రెక్కలకు అంటిన దుమ్మును చూసి, తుడిచేస్తే సరిపోతుందని అనుకుంటాం. అసలు అడ్డంకి రెక్కల్లో ఉండదు. ఫ్యాన్‌కూ రాగి ఫిన్నులకూ (వేడిని వదిలే పలచని రేకులు) మధ్య ఉన్న సన్నని సందులో, ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మూ దారపు పోగులూ కలిసి, బూడిద రంగు కంబళి ముక్కలా ఒక పొర గట్టిగా అతుక్కుని ఉంటుంది. బయటి నుంచి గాలి కొడితే అది కదలదు, పైగా ఫిన్నుల్లోకి మరింత దిగిపోతుంది. ఫ్యాన్‌ను విడదీసి, పట్టకారుతో ఒక కొస పట్టుకుని లాగితే చాలాసార్లు మొత్తం పొర ఒకే ముక్కగా వస్తుంది. తర్వాత ఫిన్నుల బయటి వైపు నుంచి లోపలికి గాలి కొట్టండి, ఆ సమయంలో ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి అది విపరీత వేగంతో తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ముద్రించి ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరసలో, విప్పేటప్పుడు దానికి తిరగవరసలో, ఒక్కో స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పుతూ రావాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి తర్వాతి దానికి వెళ్తే బరువంతా చిప్ ఒక మూల మీద పడి అది పగిలే ప్రమాదం ఉంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచేసి, చిప్ మధ్యలో చిన్న బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టండి. గ్రాఫిక్స్ మెమరీ చిప్‌ల మీద, విద్యుత్ భాగాల మీద ఉండే మెత్తని ప్యాడ్‌లను మాత్రం చిరిగిపోకపోతే కదపకండి. అవి పేస్టు కాదు, వాటి మందం లెక్క ప్రకారం ఉంటుంది. మార్చక తప్పకపోతే అదే మందం ఉన్న ప్యాడే వేయాలి. పలచనిది వేస్తే తగలదు, మందమైనది వేస్తే హీట్‌సింక్ ప్రాసెసర్ మీద సరిగా కూర్చోదు.

మూత వేసే ముందు నాణెం బ్యాటరీని మార్చడం మంచిది. తేదీ తప్పుతూ, బయోస్ అమరికలు చెరిగిపోతూ ఉంటే చాలాసార్లు దోషం దానిదే. మార్చాక బయోస్‌లో తేదీ సరిచేసుకోండి.

ఐదో అడుగు: ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

నాలుగు ర్యామ్ స్లాట్లున్న యంత్రాల్లో సాధారణంగా రెండు కింది మూత తీస్తే కనిపిస్తాయి, మిగిలిన రెండు కీబోర్డు కింద దాగి ఉంటాయి. అమ్మేవారు కిందివి మాత్రమే చూసి “స్లాట్లు నిండాయి” అనడం మామూలే. 16 జీబీతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుకోండి. జతలు జతలుగా, ఒకే సామర్థ్యం ఉన్నవి వేసుకుంటే మెమరీ రెండు చానెళ్లలో నడుస్తుంది. నాలుగో తరానికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కొనాలి. వేసిన రోజు రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడిపి ఒక్క తప్పూ రాలేదని తేలాకే పాత డేటాను ఎక్కించండి.

ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నాలుగో తరానికి పాత రకమైన సాటా, ఆరో తరం నుంచి ఎన్‌వీఎంఈ. పాత హార్డ్ డిస్కు బాగుంటే రెండో చోట బ్యాకప్ కోసం ఉంచుకోవచ్చు. కాకపోతే 2.5 అంగుళాల డిస్కు పెట్టే చోటుకు కావలసిన కేబులూ బ్రాకెట్టూ లేకుండానే చాలా యంత్రాలు అమ్మకానికి వస్తాయి, ముందే చూసుకోండి.

ఆరో అడుగు: మానిటర్, డాక్, బల్ల అమరిక

డెస్క్‌టాప్ అనిపించుకోవాలంటే ఒకే చోట కేబుళ్లన్నీ కలిసి ఉండాలి. పాత వర్క్‌స్టేషన్ల అడుగున ఉండే డాకింగ్ కనెక్టర్ ఈ పనికే పుట్టింది. ఎం4800కు ఈ-పోర్ట్ ప్లస్, పీ50కు థింక్‌ప్యాడ్ వర్క్‌స్టేషన్ డాక్ సరిపోతాయి, వాటిలో మానిటర్, కీబోర్డు, నెట్‌వర్క్, కరెంటు అన్నీ కలిపి ఉంచి, లాప్‌టాప్‌ను పైన కూర్చోబెడితే చాలు. ఈ డాక్‌లను కొత్తవాళ్లు ఎవరూ కొనరు కాబట్టి చవకగా దొరుకుతాయి. డాక్‌కూ సరిపడా వాట్ల అడాప్టర్ ఉందో లేదో మాత్రం చూడండి.

4కే మానిటర్ పెట్టేవారు పోర్టును బట్టి నడుచుకోవాలి. పీ50లోని హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కే చిత్రాన్ని సెకనుకు 30 సార్లే చూపగలదు, మౌస్ కదలిక ఈడ్చినట్టుంటుంది. అదే యంత్రంలోని మినీ డిస్‌ప్లేపోర్టు 60 సార్లు ఇస్తుంది. మరో విషయం, థింక్‌ప్యాడ్ డబ్ల్యూ, పీ శ్రేణుల్లో బయటి డిజిటల్ వీడియో పోర్టులు ఎన్‌విడియా చిప్‌కే కలిపి ఉంటాయి. బయటి మానిటర్ పెట్టినంతసేపూ ఆ చిప్ నిద్రపోదు. అందువల్ల ఎప్పుడూ మానిటర్‌తోనే వాడేవారు బయోస్‌లో హైబ్రిడ్ గ్రాఫిక్స్‌కు (ఇంటెల్, ఎన్‌విడియా చిప్‌లు రెండూ వాడే అమరిక) బదులు డిస్క్రీట్ గ్రాఫిక్స్ (ఎన్‌విడియా ఒక్కటే) ఎంచుకోవడం తెలివైన పని. కరెంటు పెద్దగా ఎక్కువ కాదు గానీ, ముఖ్యంగా లినక్స్‌లో, రెండు చిప్‌ల మధ్య చిత్రాన్ని అటూ ఇటూ చేర్చే తలనొప్పి పోతుంది.

లాప్‌టాప్ మూత మూసి వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. వాడవచ్చు, కానీ ఈ యంత్రాలు కీబోర్డు మీదుగా కూడా కొంత వేడిని వదులుతాయి. మూత తెరిచి, లోపలి తెరను రెండో తెరగా వాడుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. ఎలా వాడినా వెనక భాగం రెండు అంగుళాలు పైకి లేచేలా స్టాండు పెట్టండి, వేడిగాలి వచ్చే పక్కన గోడగానీ పుస్తకాలుగానీ అడ్డం లేకుండా చూడండి. పరుపు మీద, బల్ల మీది గుడ్డ మీద వాడితే కింది గాలి దారులు మూసుకుపోతాయి. మూత మూసి వాడేవారికి పవర్ బటన్ అందదు కాబట్టి, డాక్ మీది బటన్‌నో, కరెంటు రాగానే యంత్రం ఆన్ అయ్యే బయోస్ అంశాన్నో ఉపయోగించుకోవాలి.

ఏడో అడుగు: బ్యాటరీ, ఎర్తింగ్, కరెంటు ఖర్చు

లాప్‌టాప్‌ను రోజంతా ప్లగ్గుకు పెట్టి ఉంచితే బ్యాటరీ పాడవుతుందన్న మాటలో నిజం ఉంది. లిథియం అయాన్ సెల్‌కు పూర్తి చార్జీ, వేడి, ఈ రెండూ కలిసి ఉండడమే అన్నిటికంటే చెడ్డది. దీనికి మందు బ్యాటరీని తీసేయడం కాదు, చార్జీకి హద్దు పెట్టడం. థింక్‌ప్యాడ్‌లో లెనోవో వాంటేజ్ ద్వారా గానీ, లినక్స్‌లో టీఎల్‌పీ అనే సాధనం ద్వారా గానీ 75 శాతం కిందికి వస్తే చార్జ్ కావడం మొదలై 80 వద్ద ఆగేలా పెట్టుకోవచ్చు. డెల్‌లో ఇదే పనికి బయోస్‌లో, ఎప్పుడూ ప్లగ్గుకే ఉండే యంత్రాలకు ఒక ఎంపిక, సొంతంగా అంకెలు ఇచ్చుకునే ఎంపిక మరొకటి ఉంటాయి. బ్యాటరీని పూర్తిగా తీసేస్తే యూపీఎస్ లాభం పోతుంది, పైగా చాలా యంత్రాలు బ్యాటరీ లేకుండా బయోస్ అప్‌డేట్‌కు ఒప్పుకోవు.

టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు అనిపించినా, కింది మూత సరిగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బినట్టే. ఆ క్షణమే యంత్రాన్ని ఆపి, బ్యాటరీ తీసి, బయట, మండే వస్తువులకు దూరంగా పెట్టండి, గుచ్చడం, నొక్కడం చేయకండి. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వాలి.

లోహపు అంచు మీద అరచేయి పెడితే సన్నగా జిల్లుమంటోందా? అది చాలావరకు అడాప్టర్ లోపం కాదు, గోడలోని సాకెట్‌కు ఎర్త్ లేకపోవడం. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌తో పెట్టినా ఇదే జరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిచేయించాలి. డెస్క్‌టాప్‌లా రోజుకు పది గంటలు చేతులు పెట్టే యంత్రం కాబట్టి దీన్ని వాయిదా వేయవద్దు.

కరెంటు ఖర్చు లెక్క తేలిక. తేలికపాటి పనిలో ఈ యంత్రాలు మామూలుగా 25 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటాయి. రోజుకు ఎనిమిది గంటలకు 0.2 యూనిట్లు, నెలకు ఆరు యూనిట్లు. 80 వాట్లు లాగే డెస్క్‌టాప్‌కు అదే వాడకంలో నెలకు 19 యూనిట్లు దాటుతాయి. బిల్లులో ఈ తేడా చిన్నదే, కానీ ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు ఎంతసేపు వస్తుందన్నది దీన్నిబట్టే ఉంటుంది.

ఎనిమిదో అడుగు: ఆపరేటింగ్ సిస్టం

ముందు బయోస్‌ను తాజా సంచికకు మార్చండి, అడాప్టరూ బ్యాటరీ చార్జీ రెండూ ఉన్నప్పుడు మాత్రమే. 2018 జనవరిలో బయటపడ్డ స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలకు సంబంధించిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల) సవరణలు వీటిలో ఉంటాయి.

లినక్స్ పెట్టేవారు ఎన్‌విడియా డ్రైవర్ సంచికను గుర్తుంచుకోవాలి. ఎం4800 నాటి క్వాడ్రో కే శ్రేణి, అంటే కెప్లర్ చిప్‌లకు 470 సంచికే ఆఖరిది. పీ50లోని క్వాడ్రో ఎం శ్రేణి మాక్స్‌వెల్ చిప్‌లకు 580తో ముగుస్తుంది. కొత్త కెర్నల్‌తో (లినక్స్ మూలభాగం) పాత డ్రైవర్ పొసగక తెర నల్లగా మిగిలిపోకుండా ఉండాలంటే, రోజుకో కొత్త సంచిక ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ కాకుండా డెబియన్, లినక్స్ మింట్ వంటి నిలకడైనవి ఎంచుకోండి. లేదా స్వేచ్ఛా డ్రైవర్ నూవోతో సరిపెట్టుకోండి, మామూలు ఆఫీసు పనికి అది చాలు. తెలుగు కోసం నోటో ఫాంట్లు, కీబోర్డు అమరికల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ రెండూ మింట్‌లో విడిగా వెతకాల్సిన పని లేకుండా దొరుకుతాయి.

విండోస్ 10ను ఇంకొంత కాలం వాడక తప్పనివారికి మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత వాడకందారుల కోసం పొడిగించిన భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 వరకు ఇస్తోంది. ఆ తర్వాత ఆ విండోస్‌తో బ్యాంకు పనులు చేయకండి. ఆరో తరం యంత్రంలో తనిఖీలను దాటవేసి విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి గానీ, అప్‌డేట్లు ఎప్పుడు ఆగుతాయో భరోసా లేని యంత్రం మీద బతుకుతెరువు పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

తర్వాతి ఏళ్లలో

ఏడాదికోసారి, వేసవి మొదలవక ముందే, ఫ్యాన్ దగ్గరి దుమ్ము పొర తీయండి. పేస్టును మూడేళ్లకోసారి, లేదా అదే పనికి ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినట్టు కనిపించినప్పుడు మార్చండి. మొదటి రోజు శుభ్రం చేశాక వచ్చిన ఉష్ణోగ్రతలను ఎక్కడైనా రాసిపెట్టుకుంటే పోల్చడానికి అదే ఆధారం.

విడిభాగాల విషయంలో ముందుచూపు అవసరం. ఇవి ఇంకా విరివిగా దొరుకుతున్న రోజుల్లోనే ఒక ఫ్యాన్, ఒక అసలు అడాప్టర్ అదనంగా కొని పెట్టుకోండి, తక్కిన భాగాలకంటే ముందు మూలపడేవి ఈ రెండే. అదే మోడల్ పనిచేయనిది, మదర్‌బోర్డు పోయినది, నామమాత్రపు ధరకు కనిపిస్తే దాన్నీ తీసుకోవచ్చు. తెర, కీబోర్డు, హింజులు, హీట్‌సింక్, మూత అన్నీ ఒకేసారి దొరికినట్టవుతుంది. దాని బ్యాటరీని మాత్రం నమ్మకండి. బ్యాటరీని ఎప్పుడు కొన్నా తయారీ తేదీ చూసి కొత్తదే కొనండి, ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న “కొత్త” బ్యాటరీ వాడకుండానే అరిగిపోయి ఉంటుంది.